ఏడో ఇల్లు

మొన్న ఆదివారం మా మనుమరాలు అట్టపెట్టెలో రెండు పిల్లి పిల్లల్ని పెట్టుకుని ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో మేముండే ఇంట్లో ఇప్పటికే ఒక కుక్క ఉంది. గేటు చప్పుడైతే చాలు, దానికి నాలుగు కాళ్లూ నేల మీద ఆగవు. పాలవాడి మీదికి ఎగురుతుంది, కరెంటు బిల్లు తెచ్చేవాడి మీదికి ఎగురుతుంది, అద్దంలో తనను చూసుకుని కూడా ఎగురుతుంది. అట్టపెట్టె వాసన తగలగానే అది చేసిన వీరంగానికి పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు.

"తాతా, జర దీని గొలుసు గట్టిగ పట్టుకో. పిల్లలను వేరే రూంల పెడ్త. ముందుగాల వీటి వాసన దానికి అలవాటు కావాలెనంట," అంది మనుమరాలు ఫోను చూసి చదువుతూ.

పట్టుకున్నాను. ఇంతలో పెట్టెలోంచి సన్నగా ఒక్క 'మ్యావ్' వినిపించింది. "నాతోని కాదు బిడ్డా, మీ నాన్నను పిలువు" అని గొలుసు కిటికీ ఊచకు కట్టేసి మిద్దె మీదికి పోయి కూర్చున్నాను. ముసలాయనకు బీపీ పెరిగిందనుకున్నారు ఇంట్లో. అనుకోనిచ్చాను. అట్లా అనుకోనివ్వడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే.

మాది చెన్నూరు దగ్గర ఒక ఊరు. గోదావరి చప్పుడు వినపడనంత దూరం, వరదొస్తే భయపడేంత దగ్గర. పత్తి ఏరుడు మొదలైందంటే మా ఇల్లు మాది కాకుండా పోయేది. నడిమి అర్రలో సామానంతా వసారాలో పడేసి, అర్ర నిండా పత్తి పోసేవాళ్లు. కుప్ప దూలాలను తాకేది. మేమేమో చలికి ముడుచుకుని వసారాలో పడుకునేవాళ్లం, పత్తి మాత్రం నాలుగు గోడల మధ్య వెచ్చగా పడుకునేది. ఇల్లంతా పచ్చి గింజల వాసన, దాని మీద చేనుకు కొట్టిన పురుగుమందు ఘాటు. రొట్టె తిన్నా అదే వాసన, మజ్జిగ తాగినా అదే వాసన. ఇప్పటికీ పురుగుమందుల దుకాణం ముందు నుంచి పోతే నాకు మా అవ్వ చేసిన జొన్నరొట్టె, వెల్లుల్లి కారం గుర్తొస్తాయి. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం మేము.

ఆ అర్రలోకి పిల్లలు పోకూడదని కట్టడి. పత్తిలో దిగబడి ఊపిరాడకపోతే ఎవరికీ తెలియదని బాపు భయం. తలుపుకు పైన గొళ్లెం పెట్టి ఉండేది. బాపు, అవ్వ అటు చేనుకు పోగానే ఇటు నేను పీట వేసుకుని గొళ్లెం తీసేవాడిని. కుప్ప మీదికి ఎక్కి దూకితే మెడ దాకా మునిగేవాడిని. బయటికొచ్చి తల దులుపుకుని, ఏమీ ఎరగనట్టు నాయనమ్మ పక్కన చేరేవాడిని.

"నెత్తికి గా దూదేందిరా?" అనేది ఆమె.

"చేన్ల అంటుకున్నది."

ఆ రోజు నేను చేను మొహం కూడా చూడలేదని ఆమెకు తెలుసు. నవ్వి ఊరుకునేది. అబద్ధాలు అంత సులువుగా సాగిపోయేవి మా ఇంట్లో, నా వరకు.

పత్తి గింజ కోసం ఎలుకలు వచ్చేవి. కుప్ప అడుగున గూళ్లు పెట్టేవి. పత్తి ఎత్తే రోజు అందుకే పిల్లలకు పండగ. పత్తి కొనే సేటు ట్రాక్టరు వాకిట్లో నిలబడేది, కూలీలు గోనెపట్టాల్లో పత్తి మోసేవాళ్లు, కుప్ప తరుగుతున్నకొద్దీ ఎలుకలు తలోదిక్కు పరుగెత్తేవి. అప్పుడు ఎవరో ఒకరు "ఉస్కో!" అనేవాళ్లు. ఆ మాట కోసమే పుట్టినట్టు మా కుక్క పత్తిలోకి తలదూర్చేది. ఒళ్లంతా దూదితో తెల్లగా బయటికొచ్చి, నోట్లోది ఒక్క విదిలింపుతో చంపి పక్కన పడేసి, మళ్లీ ఎవరు ఉస్కో అంటారా అని అందరి మొహాలూ చూసేది. ఊళ్లో ఎవరి పత్తి ఎత్తినా మా కుక్కను పిలుచుకుపోయేవాళ్లు.

అది గొల్లవాళ్ల మంద దగ్గర పుట్టిన ఎర్ర కుక్క. చెడ్డది కాదు. సంబరం ఆపుకోలేకపోయేది, అంతే. బడి నుంచి నేను రావడం చూస్తే ఎదురొచ్చి గుద్దుకునేది. ఒకసారి నా చేతిలో పలక పగిలింది, ఇంకోసారి అవ్వ నెత్తి మీది నీళ్లబిందె పడింది. నాయనమ్మ మడతపెట్టిన చీరల మీద పొర్లింతలు పెట్టేది. కోపంతో ఆమె చీపురు ఎత్తితే అది కూడా ఆటేననుకుని చీపురు పట్టుకుని లాగేది. "దీనికి బుద్ధి ఎప్పుడొస్తదో" అని తిడుతూనే రొట్టె ముక్క పడేసేది నాయనమ్మ.

ఆ చలికాలం ఊరి పిల్లి ఒకటి మా అటక మీద ఈనింది. అది ఎవరి పిల్లీ కాదు. అందరి ఇళ్లల్లో పాలు తాగేది, ఎవరికీ చిక్కేది కాదు. అదే రోజుల్లో బాపు ఎలుకల కోసం జొన్నపిండిలో మందు కలిపి కొట్టంలో పెట్టాడు. ఆ పిండి ఎలుక తింది, ఆ ఎలుకను పిల్లి తింది. పొద్దున లేచేసరికి పిల్లి గడ్డివాము పక్కన కాళ్లు చాపి పడి ఉంది. అటక మీద రెండు పిల్లలు అరుస్తున్నాయి. ఒకటి బూడిద రంగుది, ఇంకోటి పసుపు చారలది.

నాయనమ్మ కూలబడిపోయింది. "పిల్లిని సంపుకున్నమురా కొడుకా. గీ పాపం ఊకె పోదు. బంగారు పిల్లిని జేపిచ్చి దానమియ్యాల్నంటరు. మనకాడ బంగారమేడిది?"

"నేను పిల్లి కోసం పెట్టిన్నా అవ్వా? ఎలుకల కోసం పెట్టిన," అన్నాడు బాపు. అన్నాడే గానీ ఆయన మొహం కూడా నల్లబడింది.

"ఎట్ల సచ్చినా మనింట్లనె సచ్చింది. తల్లి పాయె. గీ రెండింటినన్న సాకితె దేవుడు జర సల్లగ సూస్తడు."

అట్లా ఆ రెండు పిల్లలు మా ఇంటి పాపానికి జామీను అయ్యాయి. వాటిని బతికించే పని నాది, నాయనమ్మది. మేకపాలు గోరువెచ్చగా చేసి, పత్తి వత్తిని పాలల్లో ముంచి నోటికి పెడితే చీకేవి. వేలు కూడా చీకేవి. ఆ గరుకు నాలుక నా వేలికి తగిలిన మొదటిరోజు నేను బడికి పోనని మొండికేశాను.

అసలు చిక్కు కుక్కతోనే. పిల్లల గొంతు వింటే కట్టుకొయ్య ఊడొచ్చేలా గుంజుకునేది. దాని కళ్లకు అవి ఎలుకల కన్నా కొంచెం పెద్దవి, అంతే.

నాయనమ్మ గొల్లవాళ్ల మందల మధ్య పెరిగిన మనిషి. "తల్లి లేని గొర్రెపిల్లను ఇంకో గొర్రె దగ్గరికి రానియ్యదు. అప్పుడు గొల్లోళ్లు ఏంజేస్తరు? గా గొర్రె పాలె పిల్ల నెత్తికి రాస్తరు. వాసన గలిస్తె ఇగ తనదే అనుకుంటది," అంది. కుక్క పడుకునే గోనెసంచి తెచ్చి దాంతో పిల్లల ఒళ్లు తుడిచింది. పిల్లలు పడుకున్న గుడ్డను కుక్క ముందర వేసింది. ఫోను చదివి మా మనుమరాలు చెప్పిన సంగతి మా నాయనమ్మకు ఫోను లేకుండానే తెలుసు. పిల్లలను గంప కింద మూసి, కుక్కను కొయ్యకు కట్టి, గంపను రోజుకో మూర దగ్గరకు జరిపించేది. కుక్క అరిస్తే ఆ రోజు జరపడం లేదు. అరవకుండా పడుకుంటే రొట్టె ముక్క.

మొదట్లో అరిచింది, తర్వాత మూలిగింది, తర్వాత గంప దిక్కు చూస్తూ పడుకోవడం నేర్చుకుంది. పదిరోజులు దాటాక ఒకనాడు నాయనమ్మ పసుపు చారలదాన్ని చేతిలో పట్టుకుని దాని ముక్కు ముందర పెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కుక్క ఆ పిల్లను తల నుంచి తోక దాకా నాకుతోంది. పిల్ల తడిసి ముద్దయి, కోపంగా దాని ముక్కు మీద చిన్న దెబ్బ వేసింది. కుక్క వెనక్కి తగ్గి కూర్చుంది. నాయనమ్మ నవ్విన నవ్వు వీధి దాకా వినపడింది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నాయనమ్మ ఒకరోజు పిల్లలకు పాలు పడుతూ ఒక మాట అంది.

"పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతది బిడ్డా. ఏడో ఇంటికి పోయినంకనె గట్టిపడ్తయి. పాపం, గీటిని తిప్పెటందుకు తల్లి లేకపాయె."

"ఏడిండ్లు తిప్పకుంటె?"

"ఏమో. దక్కవంటరు."

దక్కవంటే ఏమిటో నాకు తెలుసు. అంతకుముందే మా చెల్లె ఒకతి దక్కలేదు. ఆ మాట నాయనమ్మ ఊరికే అన్నదని ఇప్పుడు తెలుస్తుంది గానీ, అప్పుడు నేను నిజమనే నమ్మాను. తల్లి లేకపోతే నేను తిప్పుతాను. అయితే ఊళ్లో ఏడిళ్లకు తీసుకుపోతే ఏడు కుక్కలున్నాయి. మా ఇంట్లోనే ఏడు చోట్లు తిప్పితే లెక్కకు సరిపోతుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎవరినైనా అడిగితే నవ్వుతారని అడగలేదు.

పొయ్యి పక్కన ఒక పూట. వడ్ల గుమ్మి వెనక ఒక పూట. నులకమంచం కింద, కొట్టంలో గడ్డి మీద, ఖాళీ కోళ్లగూట్లో, కట్టెల పాకలో. ఆరు అయ్యాయి. ప్రతిసారీ సాయంత్రానికి మళ్లీ గంప కింద పెట్టేవాడిని. ఏడో చోటు అన్నిటికన్నా వెచ్చగా ఉండాలనుకున్నాను. ఆ పొద్దున చలి బాగా ఉంది. బాపు, అవ్వ చేనుకు పోయారు. నాయనమ్మ పెరట్లో పిడకలు కొడుతోంది. పీట వేసి గొళ్లెం తీసి, కుప్పకు ఒక పక్కన చేత్తో లోతుగా గుంట చేసి, రెండింటినీ అందులో పెట్టి పైన పలుచగా పత్తి కప్పాను. రెండూ ఒకదానిలో ఒకటి ముడుచుకుని వెంటనే నిద్రపోయాయి. మళ్లీ గొళ్లెం పెట్టి, పిల్లలు లోపలే పడుకున్నాయని నాయనమ్మ అనుకునేలా గంప మీద గుడ్డ కప్పి రాయి పెట్టి, బడికి పోయాను. పొద్దంతా నాకు పాఠం ఎక్కలేదు. పిల్లలు ఇక దక్కినట్టేనని సంబరం.

సేటు ట్రాక్టరు మర్నాడు రావాలి. ఆ రోజే వచ్చింది.

బడి విడిచి వచ్చేసరికి వాకిలి నిండా జనం. ట్రాక్టరు డబ్బాలో సగానికి పైగా పత్తి. కూలీలు, వీధి పిల్లలు, బాపు, తలుపు దగ్గర నాయనమ్మ. కుక్క విప్పి ఉంది, అప్పటికే తెల్లగా అయిపోయి ఉంది. చచ్చిన ఎలుకలు వరుసగా గోడ పక్కన. పిల్లలందరూ "ఉస్కో! ఉస్కో!" అని అరుస్తున్నారు. నేను సంచి కింద పడేసి గుంపులోకి దూరి అరిచాను. ఇది చెప్పాలి. నేనూ అరిచాను. రెండుసార్లు. నా కుక్క కాబట్టి అందరికన్నా గట్టిగా అరిచాను. పొద్దున నేనేం చేశానో ఆ క్షణంలో నా తలలో లేనే లేదు.

కుక్క తలదూర్చి ఏదో పట్టుకొచ్చి విదిలించి పడేసింది. ఒళ్లంతా దూది చుట్టుకుని ఉంది. "అబ్బో, పందికొక్కురో!" అన్నాడు ఒక కూలీ. నేను తోక చూశాను. బూడిద రంగు తోక.

పసుపు చారలది ఇంకా లోపల ఉంది. ఆ గుంపులో అది తెలిసినవాడిని నేనొక్కడినే. "ఆపుండ్రి" అంటే చాలు. కానీ అంటే, ఎందుకని అడుగుతారు. పత్తిలోకి ఎవరు పెట్టారని అడుగుతారు. నోరు తెరిచాను, గొంతు రాలేదు. రాలేదో, రానివ్వలేదో ఇన్నేళ్లయినా నాకు తేల్చుకోవడం చేతకాలేదు. పిల్లలు మళ్లీ ఉస్కో అన్నారు. కుక్క మళ్లీ తలదూర్చింది.

ఈసారి దాని నోట్లో పిల్లి పిల్ల అరిచింది. ఆ అరుపు వినగానే కుక్క నోట్లోది కింద పెట్టేసింది. విదిలించలేదు. వంగి వాసన చూసింది. పత్తిలో ఒక పూటంతా పడుకున్న పిల్లకు మందు వాసన తప్ప ఏం మిగిలి ఉంటుంది? దాని మీది దూదిని నాలుకతో తీయడం మొదలుపెట్టింది, తల నుంచి తోక దాకా. పసుపు చారలు బయటపడ్డాయి. మెడ పక్కకు వాలిపోయి ఉంది.

"అయ్యో! పిల్లి పిల్లలురా! మన పిల్లి పిల్లలు!" నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. కుక్క ఇంకా నాకుతూనే ఉంది. "సూడు, సూడు, నెత్తురెట్ల నాకుతుందో సూడు! మరిగింది ముండ!"

అది నెత్తురు నాకడం లేదని నాకు తెలుసు.

బాపు నా దిక్కు తిరిగాడు. "పత్తిలకు ఎట్ల వోయినయిరా గవ్వి?"

"కుక్క నోట గరుసుకొని వోయింది," అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. "పొద్దుగాల నేను సూసిన."

"తలుపుకు గొళ్లెం ఉండె గదరా?"

"నేను సూసినప్పుడు లేకుండె."

బాపు తలుపు దిక్కు చూశాడు. ఆ పొద్దున చేనుకు పోయే ముందు ఆయన కూడా ఆ అర్రలోకి పోయి వచ్చాడు. గొళ్లెం తనే మరిచిపోయాననుకున్నాడో ఏమో, కళ్లు దించేసుకున్నాడు. ఆ తప్పు కూడా ఆయన మీదికే పోయింది.

"దీన్ని ఇంట్ల ఉంచకు కొడుకా," అంది నాయనమ్మ. ఏడుపు ఆగిపోయి గొంతు గట్టిపడింది. "ఒక్క పాపం కడుక్కుందామంటె ఇంకో రెండు మెడకు సుట్టె. ఇది నా కండ్ల ముందట ఉండద్దు."

బాపు దాన్ని ఎత్తి ట్రాక్టరులో పత్తి మీద కూర్చోబెట్టి తాడు కట్టాడు. దానికి అదొక కొత్త సంబరం. అంత ఎత్తున ఎప్పుడూ కూర్చోలేదు. ట్రాక్టరు కదులుతుంటే నన్ను చూసి మొరిగింది, నువ్వు రావా అన్నట్టు. వీధి మలుపు తిరిగేదాకా నేను చూశాను. ఆ మలుపు దాకా పరుగెత్తి, ఎగపోస్తూ నిజం చెప్పినా సరిపోయేది. బాపు నాలుగు దెబ్బలు కొట్టేవాడు. అంతే కదా. నాలుగు దెబ్బలు.

గింజ తీసే జిన్నింగు మిల్లు దగ్గర వదిలేశానని వచ్చాక చెప్పాడు బాపు. "ఆడ కూలోళ్లు ఇంత పెడ్తరు తియ్యి," అన్నాడు ఎవరూ అడగకుండానే.

పిల్లలను నాయనమ్మ జామచెట్టు కింద పూడ్చిపెట్టింది. ఇంటికి పట్టిన పాపం పోవాలని ఏడు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకుంది. ఆ వయసులో రోజంతా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, చలికి వణుకుతూ వసారాలో కూర్చుని తులసిమాల తిప్పేది. నేను ఆమె ఎదురుగానే కూర్చుని జొన్న సంకటి లాంటి గట్క, చింతతొక్కు తినేవాడిని. మొదటి శనివారం ముద్ద దిగలేదు. రెండో శనివారానికి దిగింది.

మూడో శనివారం పొద్దున కుక్క తిరిగొచ్చింది.

మిల్లు నుంచి మా ఊరికి ఎంత దూరమో, ఎన్ని ఊళ్ల కుక్కలను దాటుకుని వచ్చిందో. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఒక చెవి చీలింది. ముందుకాలు ఎత్తిపట్టి మూడు కాళ్ల మీద వాకిట్లోకి వచ్చింది. ఎగరలేదు. ఎగిరే శక్తి లేదు. నన్ను చూసి తోక ఊపింది, తోకతో పాటు నడుమంతా ఊగింది.

వసారాలో నాయనమ్మ మాల ఆపింది. కుక్క దిక్కు చూసింది, తర్వాత నా దిక్కు చూసింది. ఆ జంతువు నోరు తెరిచి అంతా చెప్పేస్తుందని, ఏడిళ్ల సంగతి, గొళ్లెం సంగతి, నేను అరిచిన రెండు అరుపుల సంగతి, అన్నీ చెప్పడానికే ఇంత దూరం నడిచి వచ్చిందని అనిపించింది. కింద రాయి దొరికింది. వేశాను. ఎత్తిపట్టిన కాలికి తగిలింది.

అది అరవలేదు. తోక ఊపడం మాత్రం ఆపింది. నేనేనా అని సరిగ్గా చూసుకోవడానికన్నట్టు కాసేపు అట్లాగే నిలబడింది. రెండో రాయికి వంగేసరికి వెనక్కి తిరిగి, మూడు కాళ్ల మీద, తొందర లేకుండా వెళ్లిపోయింది. మళ్లీ ఊళ్లో ఎవరికీ కనపడలేదు.

"నా బంగారు కొండ," అంది నాయనమ్మ. నన్ను దగ్గరకు తీసుకుని, ఉపాసంతో చల్లబడ్డ చేత్తో వీపు నిమిరింది. "ఇంట్ల అందరికన్న నా మనుమనికే దేవుని బయముంది." పోయేదాకా ఆమె ఆ మాట పదిమందికి చెప్పుకుంది. నేను ఒక్కసారైనా కాదనలేదు. ఇప్పుడు కాదందామంటే ఆమె లేదు, బాపు లేడు, ఆ ఇల్లూ లేదు.

రాయి వేసిన సంగతి మా ఆవిడకు ఒకసారి చెప్పుకున్నాను, చిన్నపిల్లలు అట్లాంటివి చేస్తారులే అంది. ఆ తర్వాతి సంగతి మాత్రం ఆమెకు కూడా చెప్పలేదు. కుక్క మలుపు దాటిపోయాక, ఇక భయం లేదని నాకు ఎంత నెమ్మదైందంటే, ఒక్కపొద్దు ఉన్న నాయనమ్మ చేత్తోనే రెండుసార్లు పెట్టించుకుని, ఆ పూట కడుపునిండా తిన్నాను.